తడి గోనె కింది ముఖం

రాయి మొదలుపెట్టే ముందు బంకమన్నుతో ముఖం చేసి, ఇంటివాళ్ళను పిలిచి, వాళ్ళ నోటితో ‘ఇదే’ అనిపించుకోవడం నా పద్ధతి. ఆ మాట రాకుండా ఉలి ముట్టేవాణ్ణి కాదు. మన్నులోంచి ఎక్కువ తీస్తే మళ్ళీ పెట్టవచ్చు. పాలరాయికి తీయడం ఒక్కటే తెలుసు. తీసింది తిరిగి రాదు.

పని చేసినన్నాళ్ళూ ఈ పద్ధతి నన్ను కాపాడింది. ‘మా నాయన గడ్డం ఇట్లా ఉండదే’ అని తర్వాత వచ్చి పేచీ పెట్టినవాళ్ళు లేరు. అయితే నేను చేసిన చివరి ముఖం దగ్గర, సముద్రపొడ్డు పాళెం నుంచి వచ్చిన ఒక తల్లి ఆ ఒక్క మాటను రెండేళ్ళకు పైగా నోట్లోనే పెట్టుకుంది. ఆమె ఆ మాట అంటే తప్ప ఆమె కోడలికి తన బతుకు తన చేతికి రాదు. ఆ సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. రోజూ సాయంత్రం డైరీ రాసే అలవాటు చిన్నప్పటి నుంచీ ఉంది కానీ, అందులో పని వివరాలే ఉంటాయి: ఏ రాయి, ఎంతవరకు వచ్చింది, ఏ ఉలి మొద్దుబారింది. మనుషుల సంగతి తక్కువ. ఆ తక్కువను ఇక్కడ పూరిద్దామని కూర్చున్నాను.

మాది రాతిపని చేసే ఇల్లు. మా నాయన నల్లరాయి తప్ప ముట్టలేదు. రాయిని సుత్తితో తట్టి, చెవి ఆనించి, ఆ మోతను బట్టి అది దేవుడికి పనికి వస్తుందో గడపకు పనికి వస్తుందో చెప్పేవాడు. నేను వయసులో ఉండగా రాజస్థాన్ పోయి పాలరాతి పని నేర్చుకుని వచ్చాను. వచ్చిన రోజు నేను తెచ్చిన చిన్న తెల్లరాతి వినాయకుణ్ణి ఆయన అరచేతిలో పెట్టుకుని, “వెన్నముద్దలాగుండాడు. ఎండకి కరగడు గదా?” అన్నాడు. నా పని గురించి ఆయన అన్నది ఆ ఒక్క మాటే. ఆయన పోయాక ఆయన ముఖాన్ని ఆయనకు ఇష్టమైన నల్లరాతిలోనే చేద్దామనుకున్నాను. ఆ రాయి మీద నా చెయ్యి తిరగలేదు. తెల్లరాతిలో చేయడానికి మనసు ఒప్పలేదు. నా చేతుల్లో ఊరందరి తండ్రుల ముఖాలూ తయారయ్యాయి, మా తండ్రిది తప్ప.

కోవూరు దాటాక రోడ్డు పక్కన, వరి మడుల అంచున నా షెడ్డు. గాలి తిరిగితే పాలరాతి పొడి పక్క మడి మీద పడేది. ఆ రైతు గట్టు మీద నిలబడి, “ఏం ఆచారీ, నా పైరుకు పౌడరు పూస్తుండావా? పెళ్ళికేమైనా పంపిస్తావా?” అని అరిచేవాడు. రైతులే నాకు ఎక్కువ పని ఇచ్చినవాళ్ళు. పోయిన పెద్దాయన బొమ్మ పొలం మూలన, మోటారు కొట్టు పక్కన నిలబెట్టుకోవడం ఈ వైపున బాగా పెరిగింది. ఒకాయన వచ్చి, “మా నాయనకి బట్టతల తీసెయ్ ఆచారీ” అన్నాడు. “తీసేదేముంది, జుట్టు పెట్టాల” అన్నాను. “అదే, పెట్టు మరి. చేతికి వాచీ గూడా పెట్టు. బతికుండగా కొనిపెట్టమంటే కొనలేదు” అన్నాడు. పెట్టాను. మన్ను ముఖాన్ని చూసి ‘ఇదే’ అనడానికి అలాంటివాళ్ళకు ఒక్క పూట చాలేది. నచ్చిన ముఖం కనిపిస్తే చాలు వాళ్ళకు, ఉన్న ముఖంతో పనిలేదు.

ఆ తల్లి అలా కాదు.

చేపల గంప దింపి, కొంగు నడుముకు బిగించి నా షెడ్డులోకి వచ్చిన రోజే, “మనిషిని చూడకుండా మొహం చేస్తావంటనే, నిజమేనా ఆచారన్నా?” అని అడిగింది. ఆమె ఒక్కగానొక్క కొడుకు వేటకు పోయి తిరిగి రాలేదు. వాయుగుండం పట్టిన రోజుల్లో ఫైబర్ బోటు తిరగబడింది. కూడా ఉన్నవాళ్ళను ఇంకో బోటువాళ్ళు లాగి ఒడ్డుకు చేర్చారు. అతను దొరకలేదు. శవమూ దొరకలేదు.

“బొమ్మ కావాల. వాడిలాగుండాల. వాడిలాగ లేకపోతే నాకొద్దు” అంది.

పాళెం కుర్రాడొకడు ఆమె కోడలి ఫోను తెచ్చి, అందులోని ఫోటోలు చూపించాడు. ఏ ఫోటో చూసినా ముఖం ఒలిచిన కోడిగుడ్డులా ఉంది. ఇప్పటి ఫోన్లు ముఖం మీది గీతలూ మచ్చలూ తుడిచేసి, రంగు తేల్చి చూపిస్తాయి. పెళ్ళి ఆల్బమ్ సంగతి చెప్పనక్కరలేదు. ఫోటో స్టూడియోవాడు అతనికి లిప్‌స్టిక్ కూడా వేసినట్టున్నాడు. తల్లి ఆ ఫోటోలను ఒక్కసారి చూసి పక్కకు తోసేసింది. “ఇవి మావోడివి గాదు. సినిమావోడివి. నేను చెప్తా, నువ్వు చెయ్యి.”

అలా మొదలైంది. వారానికి ఒకసారి గంప అమ్ముకుని, బస్సు దిగి షెడ్డుకు వచ్చేది. కండక్టర్ వాసన అన్నాడని తిట్టుకుంటూ వచ్చేది. వచ్చీరాగానే గోనె తీయమనేది. మన్ను ఎండితే బీటలు వారుతుంది కాబట్టి ముఖాన్ని ఎప్పుడూ తడి గోనె కింద ఉంచాలి. గోనె తీయగానే ఆమె చుట్టూ తిరిగి చూసేది, దగ్గరికి వచ్చి, దూరం పోయి, వంగి కింది నుంచి.

“ముక్కు అంత కొనదేలి ఉండదు. చెవులు తలకి అతుక్కోనుండాయి వాడికి. ఇట్టా డేరాల్లాగా నిక్కి ఉండవు.”

మరో వారం: “నుదురు మీద ఈడ గీతుండాల. ఎండకి కళ్ళు చికిలించి చికిలించి పడింది. పుట్టుకతో రాలా.”

ఇంకో వారం: “మెడ లావు చాలదు. వల లాగేవోడి మెడ అది. నీ మెడలాగా చేసినావు.”

నా జీవితంలో అంత చూపున్న మనిషిని చూడలేదు. ఆమె చెప్పిన ప్రతి మార్పుతో ముఖం బతికింది. మొదట్లో నాకు చిరాకు వేసినా, తర్వాత ఆమె వచ్చే రోజు కోసం చూసేవాణ్ణి. ఎవరు చెప్తారు మనకు, చెవి తలకు ఎంత అతుక్కుని ఉండాలో? ఆమె ఒకసారి మా ఆవిడకు ఎండు నెత్తళ్ళు తెచ్చి ఇచ్చింది. మేము చేపలు తినమని చెప్తే, “తినకపోతే మానండి. వాసనైనా చూడమను ఆచారన్నని. మావోడి మొహం ఆ వాసనలోనే ఉండాది” అంది. మా ఆవిడ ముక్కు మూసుకుంటూనే నవ్వింది. ఆమె పోయాక మాత్రం నవ్వకుండా, “ఆమె వచ్చేది బొమ్మ సరి చేయించడానికా, కొడుకుని చూసి పోవడానికా?” అని అడిగింది. నేను పట్టించుకోలేదు. పని బాగా వస్తున్నప్పుడు నాకు వేరే మాటలు చెవికెక్కవు.

అన్నీ కుదిరినా నోరు కుదరలేదు. ముక్కు, కళ్ళు, గడ్డం ఒప్పుకున్నాక కూడా ఆమె గోనె కప్పే ముందు తల అడ్డంగా ఊపేది. “నోరు గాదు. నోరు మావోడిది గాదు.” ఏం కాదో చెప్పలేకపోయేది. పెదవులు సన్నం చేశాను, లావు చేశాను, మీసం దింపాను, ఎత్తాను. ఆ నెలల డైరీ తిరగేస్తే ‘నోరు మళ్ళీ’ అన్న మాటే పేజీ పేజీకీ ఉంది.

ఒక వేసవిలో ఆమె కోడలు ఒక్కతే వచ్చింది. రొయ్యలు ఒలిచే షెడ్డులో పని. వేళ్ళ కొసలు నీళ్ళలో నాని తెల్లగా ముడతలు పడి ఉన్నాయి. వయసు చిన్నది. పిల్లలు లేరు. బొట్టు, మెట్టెలు, చేతినిండా గాజులు ఉన్నాయి. కూర్చోమంటే కూర్చోలేదు.

“పెదనాయనా, అది ఇంకా ఎన్నాళ్ళు పడతాది?” అని గోనె వైపు చూపించింది.

“మీ అత్త ఒప్పుకోవాలమ్మా. నోరొక్కటే మిగిలింది.”

“ఒప్పుకోదు” అంది. “ఒప్పుకుంటే కర్మ చెయ్యాల గదా.”

అప్పుడు చెప్పింది. శవం దొరకనివాడికి దర్భలతో మనిషిని చేసి కర్మ జరపడం ఉంది. పాళెం పెద్దలు అదే చేయమన్నారు. తల్లి అడ్డం పడింది. గడ్డిబొమ్మను తగలబెట్టనియ్యను, వాడి ముఖం రాతిలో చేయించి నిలబెట్టిన రోజే కర్మ, అంతదాకా నా కొడుకు వేటలోనే ఉన్నాడు, అంది. కొడుకు పోయిన తల్లి మాట. పెద్దలు సరే అన్నారు. ఎన్నాళ్ళు పడుతుంది బొమ్మకు, రెండు నెలలా, మూడు నెలలా అనుకున్నారు.

“నన్ను పేరంటానికి పిలవరు, మొగుడు లేడని. మా అన్న తీసకపోతానంటే పంపరు, మొగుడుండాడని” అంది ఆ అమ్మాయి. పుట్టిల్లు దొరవారిసత్రం అవతల, పులికాట్ అంచున ఒక పాళెం. అక్కడ అన్న మారుమనువుకు మాట కలిపి పెట్టాడు. “ఆయన మంచోడే పెదనాయనా. చూస్తుండాడు. ఎన్నాళ్ళని చూస్తాడు?”

“చెప్పాపెట్టకుండా పోతే?” అన్నాను. అనకూడని మాటే.

ఆమెకు కోపం వచ్చింది. “ఎట్టా పోతా? ఆమె బువ్వ తిన్నా. జొరమొస్తే రాత్రంతా నా తల ఒళ్ళో పెట్టుకోని కూసుంది. ఆమె నోటితో ‘పోయిరా అమ్మే’ అంటేనే పోతా. నువ్వే చెప్పు, బొమ్మ అయిపోయిందని.”

మరుసటి వారం తల్లితో అన్నాను, ఇంక చాలమ్మా, రాయి మొదలుపెడతాను అని. ఆమె గోనె మీద నీళ్ళు చల్లుతోంది. ఆ పని ఎప్పటి నుంచో ఆమే చేస్తోంది. నేను చల్లితే సరిగా తడవదట.

“విసుగొచ్చిందా? ఇంకో ఆచారిని చూసుకోమంటావా?”

“అది కాదమ్మా. నీ కోడలు…”

“ఆ పిల్ల వొచ్చిందా?” అంది. చెంబు కింద పెట్టింది. తర్వాత గోనె సర్దుతూ, “మన్ను నీళ్ళు పోస్తే తాగుతాది ఆచారన్నా. చూడు, ఎట్టా పీల్చుకుంటాదో. రాయి తాగుతాదా?” అంది.

ఆమె బస్సు ఎక్కేదాకా చూస్తూ ఉండిపోయాను. మా ఆవిడ మాట అప్పుడు గుర్తుకు వచ్చింది.

వానలు మొదలయ్యాక ఒకరోజు అత్తాకోడళ్ళు ఇద్దరూ కలిసి వచ్చారు. కోడలే పట్టుబట్టి వచ్చినట్టుంది. బస్సు దిగినప్పటి నుంచీ ఇద్దరికీ మాటలు లేవు. గోనె తీశాను. కోడలు ఆ ముఖాన్ని చూడడం అదే మొదటిసారి. పమిట నోటికి అడ్డం పెట్టుకుని ఒక్క అడుగు వెనక్కి వేసింది. తర్వాత దగ్గరికి వచ్చింది.

“నోరు కుదరలేదు” అన్నాను.

“కుదరదు” అంది. “మచ్చ లేదు గదా.”

“మచ్చేంది?” అని అత్త అందుకుంది. “వాడికి మొహం మీద మచ్చెక్కడిది? నేను కన్నా వాణ్ణి. నాకు తెలవని మచ్చ నీకు తెలుసా?”

“మీసం కింద, అత్తా. ఎడమ పక్క, పెదవి మీదికి. గాలం చీల్చింది. పెసరగింజంత గట్టిగా, ఉబ్బుగా ఉంటాది.”

“ఎప్పుడు?”

“పెళ్ళైన ఏడాది. నువ్వు వొద్దన్నావు జూడు, రేత్రి గాలాల యాటకి పోవద్దని. పొయినాడు. నీకు చెప్పొద్దని ఒట్టేయించుకున్నాడు. అది మానేదాకా నీకు ఎదరపడకుండా తిరిగినాడు. మీసం పెంచింది అందుకే.”

“మీసం నువ్వు పెంచమన్నావనుకున్నా గదమే!”

“నాకు మీసమే నచ్చదు అత్తా.”

నాకు నవ్వు వచ్చింది. ఆపుకున్నాను. ముసలావిడ నవ్వలేదు. “మీసం కింద పెసరగింజంత. అది ఉబ్బుగా ఉందని నీకెట్టా…” అని మొదలుపెట్టి, కోడలు తల దించుకుని నేల మీది రాతిపొడిని చూస్తూ ఉండడం గమనించి, “సరేలే” అంది మెల్లగా. “పెట్టు ఆచారన్నా. ఎంతుంటాదో చూద్దాం.”

చిటికెడు మన్ను ఉండ చేసి, కోడలు చూపించిన చోట పెట్టి, వేలితో అద్దాను. మచ్చ వచ్చిన చోట పెదవి పైకి కొద్దిగా లాగినట్టు ఉండాలి కదా, లాగాను. దాని మీద మీసం పాయ పక్కకు ఒరగాలి, ఒరిగించాను. అంతే. అన్ని నెలలు నేను ఆ నోటి చుట్టూ తిరిగాను. అది ఆ పెసరగింజ దగ్గర కూర్చుని ఉంది. ముఖం ఏదో చెప్పబోయి ఆగినట్టు అయింది.

తల్లి వంగి కింది నుంచి చూసింది.

“ఎప్పుడూ అట్టానే ఉండేవోడు” అంది. “ఏందో చెప్పబోయి మింగినట్టు. ఏందిరా అంటే ఏం లేదమా అనేవోడు. నా కాడ ఏందో దాస్తుండాడనుకునేదాన్ని.” కోడలి వైపు తిరిగింది. “దాసినాడే గదా.”

“దాసినాడు అత్తా.”

ముసలావిడ చెంబు తీసుకోలేదు ఆ రోజు. గోనె నేనే తడిపాను. మెట్టు దిగుతూ, “ఇదే. రాయి కొట్టు” అంది. వెనక్కి తిరగకుండా అంది. కోడలు నడుస్తూ ఆమె చెయ్యి పట్టుకుంటే విడిపించుకోలేదు.

నేను ప్లాస్టర్ అచ్చు తీసేవాణ్ణి కాదు. మన్ను ముఖాన్నే పక్కన పెట్టుకుని, రెండు కాళ్ళ ఇనుప కొలతతో ఒక్కో చుక్కా రాయి మీదికి మార్చుకునేవాణ్ణి. ఇప్పుడు ఫోటో పంపిస్తే యంత్రమే చెక్కి పంపుతుంది. నా తోటివాళ్ళు చాలామంది అందులోకి దిగిపోయారు. ఈ ముఖానికి దొరికిన రాయి మంచిదే అనిపించింది. నా చేతులు అప్పటికే ఉదయం పూట ఒకలాగా సాయంత్రానికి ఒకలాగా ఉండేవి. అందుకే ముఖం పని ఉదయమే పెట్టుకున్నాను. తీయడం తప్ప పెట్టడం లేని రాతిలో ఉబ్బుగా ఉండాల్సినదాన్ని మొదటి నుంచీ వదిలి ఉంచాలి. ఆ గింజ చుట్టూ ఉన్నదంతా తగ్గించుకుంటూ వచ్చాను. కర్మకు రోజు పెట్టుకున్నారని, అన్న వచ్చి చెల్లెల్ని తీసుకుపోతాడని కబురు వచ్చింది.

నునుపు పెట్టే పనిలో ఉండగా ఆ గింజ పోయింది. రాతిలో కంటికి కనపడని నరం, సన్న చీలికలాంటిది, ఒకటి దాని కింది నుంచి పోతోంది. సన్న ఉలి తగిలీతగలగానే చిట్లి, పంచదార పలుకుల్లా రాలిపోయింది. ఆ చోట చిన్న గుంట మిగిలింది. నేల మీద మోకాళ్ళ మీద కూర్చుని ఏరాను. పొడి తప్ప ఏమీ చేతికి రాలేదు. జిగురుతో అతుకు పెట్టేవాళ్ళున్నారు. ఉప్పుగాలికి అది ఏడాది తిరగకుండా పసుపు మచ్చ అవుతుంది. చుట్టూ ఉన్న పెదవిని, మీసాన్ని, చెంపను కూడా ఇంకా లోపలికి దించి, లోపల మళ్ళీ ఆ గింజను నిలబెట్టవచ్చు. దానికి నెలలు కావాలి. చెయ్యి కూడా కావాలి.

కోడలికి ఫోను చేశాను. చెప్పాను. రొయ్యల షెడ్డులో ఆడవాళ్ళ అరుపులు వినిపిస్తున్నాయి.

“గుంటను నునుపు చేసెయ్ పెదనాయనా” అంది.

“మీ అత్తకు నేను వచ్చి చెప్తాను.”

“వొద్దు. నీ కాళ్ళు పట్టుకుంటా. చెప్తే మళ్ళీ మన్ను కాడికి పోతాది. ఈసారి పోతే తిరిగి రాదు. నేనూ ఏం అనను, నువ్వూ ఏం అనొద్దు. అంత చిన్నది, ఆమె కంటికి ఆనతాదా?”

ఆ అమ్మాయి బతుకు ఆమె చేతిలో పెట్టే పని అది. నాకు ఎదురు చెప్పాలనిపించలేదు. నునుపు చేశాను.

నిలబెట్టిన రోజు నేనూ పాళెం పోయాను. సరుగుడు తోపు దాటాక, ఇసుక మొదలయ్యే చోట సిమెంటు దిమ్మె కట్టారు. బొమ్మను ఎత్తి కూర్చోబెట్టాక, పూజారి మొదలుపెట్టే ముందు తల్లి వచ్చింది. రాతి ముఖం మీద దుమ్మును కొంగుతో తుడిచింది: నుదురు, కళ్ళు, ముక్కు. తర్వాత బొటనవేలు మీసం కిందికి పోయింది, ఎడమ వైపు. అక్కడే ఆగింది. ఒకసారి అటు, ఒకసారి ఇటు రాసింది.

తల తిప్పి కోడలిని చూసింది. కోడలు కళ్ళు దించుకుంది.

నేను ఒక అడుగు ముందుకు వేశాను. కోడలు నా వైపు చూసి, ఎవరికీ తెలియకుండా తల ఊపింది, వద్దని. ఆగిపోయాను.

“ఇదే. కానీండి” అంది ముసలావిడ.

కర్మ జరిగింది. జరగాల్సినవన్నీ జరిగాయి. అన్న వచ్చినప్పుడు కోడలు అత్త కాళ్ళకు దండం పెట్టిందట. ముసలావిడ చీర చేతిలో పెట్టింది కానీ, ముఖం సముద్రం వైపు తిప్పుకునే ఉంది. ‘పోయిరా’ అన్న మాట రాలేదు. ఆ అమ్మాయి గడపలో చాలాసేపు నిలబడి, ఆటో ఎక్కిందని ఊరివాళ్ళు చెప్పారు.

ఆ సంవత్సరమే షెడ్డు మూసేశాను. మిగిలిన మన్ను ముఖాన్ని ఎప్పటిలాగే నానబెట్టి, పిసికి, మడి గట్టున పోయించాను. ఫోటో తీయాలని ఎవరికీ తోచలేదు. నా దగ్గర ఉన్నది బటన్ల ఫోను.

కొన్ని నెలలకు ముసలావిడ మా ఇంటికి వెతుక్కుంటూ వచ్చింది. గంప లేదు. వరండాలో కూర్చుని, మంచినీళ్ళు తాగి, సూటిగా అడిగింది.

“నిజం చెప్పు ఆచారన్నా. ఆ మచ్చ ఉండిందా? నన్ను ఒప్పించి తను పోవడానికి ఆ పిల్ల అల్లి చెప్పిందా?”

అప్పుడు చెప్పాను, రాయి చిట్లడం, ఫోను, ఆ అమ్మాయి నా నోరు కట్టడం, అన్నీ. “అల్లి చెప్పింది కాదమ్మా. అబద్ధపు మచ్చ పెడితే ముఖం ఇంకా చెడుతుంది. అది పెట్టాకే నోరు కుదిరింది. నువ్వే కదా చూసి ఇదే అన్నావు.”

ఆమె అంతా విన్నది.

“ఆ పిల్లకి మొగుడి మొహమన్నా గుర్తు లేదు, మచ్చ పెట్టి నాతో ఆడుకుంది అనుకున్నా” అంది. “దండం పెడితే మొహం తిప్పుకున్నా.”

“నంబరుంది. మాట్లాడతావా? లేకపోతే పులికాట్ దాకా నేను తీసుకుపోతాను, పోదాం.”

“ఏమని పోతా? కొత్త సంసారంలో పాత అత్త పోయి వాకిట్లో నిలబడితే ఏం బాగుంటాది? ఆ ఇంటోళ్ళు ఏమనుకుంటారు?” కొంగుతో మెడ తుడుచుకుంది. “నువ్వు ఆ మచ్చ పెట్టు. ఆ పిల్ల ఎప్పుడన్నా ఆ పక్కకొచ్చి చూస్తే, నేను నమ్మినానని తెలుస్తాది.”

పెట్టలేమని, చుట్టూ తగ్గించడం ఒక్కటే దారి అని చెప్పాను.

“తగ్గించు. మొహం సన్నబడితే పడనీ. పోయే ముందు చిక్కిపోయే ఉన్నాడు వాడు.”

మా ఆవిడ టీ తెచ్చింది. నేను గ్లాసు అందుకుని ఆమెకు ఇవ్వబోయాను. చెయ్యి నా మాట వినలేదు. టీ గ్లాసు అంచు దాటి నా వేళ్ళ మీద, వరండా మీద ఒలికింది. ముసలావిడ నా చేతిని చూసింది. లేచి, గ్లాసు తన చేతిలోకి తీసుకుంది. ఇంకేమీ అడగలేదు. టీ తాగి, ఖాళీ గ్లాసు గోడ పక్కన పెట్టి, బస్సుకు టైమైందని లేచింది. గేటు దాకా పోయాను. ఇంకో ఆచారిని చూస్తానని అన్నాను. చేస్తే వాళ్ళ చెయ్యి బాగుంటుందేమో కానీ, మన్నులో ఆ నోరు ఎలా కుదిరిందో చేత్తో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. ఆమె కూడా అది ఎరుగును. అందుకే సరే అనలేదు, వద్దు అనలేదు.

ఆ సాయంత్రం కోడలికి ఫోను చేశాను. ఎవరో మగమనిషి ఎత్తి, ఎవరు కావాలి అన్నాడు. ఏమని చెప్పాలో తెలియక పెట్టేశాను. మళ్ళీ చేయలేదు.